ఆఖరి మెట్టు మీద ముసల్ది

సాయంత్రం ఆరున్నర. వాన వెలిసి పావుగంట అయింది. మబ్బు మాత్రం కదల్లేదు.

ఆ వేళకి రాతిగనిలో ఆఖరి మెట్టు వైపు ఎవరూ వెళ్ళరు. కొండని మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగిన గని అది. ఏడో మెట్టుతో కోత ఆగిపోయింది. దాని అంచు దాటితే నీళ్ళు నిండిన గుంట. ఆ మెట్టు మీద, అంచుకి నలభై అడుగుల ఇవతల, ఒక పాత బుల్‌డోజరు మూడు నెలలుగా ఎవరూ ఎక్కక నిలబడి ఉంది. పనివాళ్ళు దాన్ని ముసల్ది అంటారు.

పగలైనా సరే అటు పోయేవాళ్ళు ముక్కు మూసుకునే పోతారు. అక్కడొక కంపు. ఏదో చచ్చి, కాలి, మళ్ళీ నీళ్ళలో నానినట్టు...

పొడుగాయన పోయింది ఆ బండి కిందే.

అతని పేరు పలికేవాళ్ళు ఎవరూ లేరు, ఆపరేటర్లందరిలోకీ పొడుగు కాబట్టి పొడుగాయనే. ఒక రాత్రి ఇంజను నడుస్తుండగానే బండి నిలిపి దిగాడు. బండి దానంతట అదే కదిలింది. కేకలు విని పరిగెత్తుకొచ్చిన ఒకడు పైకెక్కి చేతికందిన లివరల్లా లాగి ఆపాడు. మర్నాడు కంపెనీ పెద్దలొచ్చి చూస్తే లివరు ముందు గేరులో ఉంది. గేరులో వదిలేసి దిగాడు, తప్పు అతనిదే — అని రాసుకుని పోయారు. ఎక్కినవాడు ఆ కంగారులో దాన్ని ఎటు లాగాడో ఎవరూ అడగలేదు.

నెల తర్వాత ఇంకొకడు ఎక్కాడు. రాత్రి డ్యూటీ. లివరు న్యూట్రల్‌లో పెట్టాడు, దిగాడు, నీళ్ళు తాగడానికి పది అడుగులు వేశాడు. వెనక టక్... టక్... మంటూ చక్రాల చుట్టూ తిరిగే ఇనప గొలుసు చప్పుడు. తిరిగి చూస్తే సీటు ఖాళీ. బండి మాత్రం వస్తోంది.

"నడిచినట్టు కాదు, పాకినట్టు..." అనేవాడు కాపలా తాత, తను కళ్ళారా చూసినట్టు. "సీటు ఖాళీ అన్నది వాడు. నేను చూశా. పొడుగాటి మనిషి, నడుం దాకానే ఉన్నాడు. కాళ్ళు లేవు. ఎలా ఉంటాయి? కాళ్ళ మీదనుంచేగా వెళ్ళిందీ!"

అలా అని, ఎముకలు విరిగే చప్పుడు నోటితో చేసి చూపించి, గ్లాసు అడుగున మిగిలిన టీ చప్పరించేవాడు.

షెడ్డు స్టోరులో కూర్చునే ఆవిడ ఆ మాటలు ఎన్నిసార్లు విందో! విన్న ప్రతిసారీ కిటికీ రెక్క మూసేసేది. దెయ్యానికి కాదు, ఆ చప్పరింతకి.

ఆవిడ గని మరమ్మతు షెడ్డులో స్టోరు చూస్తుంది. స్పానర్లు, ఫిల్టర్లు, ఆయిలు డబ్బాలు అడిగినవాళ్ళకి రాసుకుని ఇవ్వడమే పని. భర్త పోయి తొమ్మిదేళ్ళు. అదే ఇంట్లో ఉండే భర్త తమ్ముడు ఆ షెడ్డులోనే మెకానిక్కు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి ఇంజను గుండె చప్పుడు వింటాడని అతన్ని డాక్టరంటారు. ఇక ఆవిడకి ఒక్కతే కూతురు, చంటి. ఇరవై మూడేళ్ళొచ్చినా చంటే. ఇరవై టన్నుల బండి నడుపుతుంది, ఆపరేటరు.

ఆ రోజు మధ్యాహ్నం సూపర్‌వైజరు గోడ మీద కాగితం అంటించాడు. రేపు పొద్దున ఆరింటికి ముసల్ది లేవాలి. ఎక్కేది చంటి.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, ఆయన గదిలోకి వెళ్ళింది.

"నా కూతురు ఎక్కదు."

"ఎవరెక్కుతారమ్మా మరి, నువ్వా?" అన్నాడు ఆయన పళ్ళు కుట్టుకుంటూ. "కొత్త బండి పాడైంది. నన్నేం చెయ్యమంటావు? దెయ్యం ఉంది, పని ఆపండి అని పైకి రాయనా?"

వెనకే వచ్చిన చంటి నవ్వింది. "నేనెక్కుతాలే అమ్మా. దెయ్యానికి లైసెన్సుందో లేదో అడుగుతా. లేకపోతే దింపేస్తా."

ఆవిడకి నవ్వు రాలేదు. నేరుగా షెడ్డు వెనక్కి వెళ్ళింది. మరిది ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"డాక్టరూ. ముసల్దాన్ని చూడాలి."

కాళ్ళు కదల్లేదు. "రేపు చూద్దాంలే వదినా."

"రేపు చంటి ఎక్కుతుంది. ఇవాళ చూడు."

చాలాసేపటికి కాళ్ళు బయటికి జరిగాయి.

అలా ముగ్గురూ బయల్దేరారు. మరిది భుజాన బ్యాటరీ, చేతిలో స్పానర్ల సంచి, చంటి చేతుల్లో బక్కెట్టు, డీజిలు డబ్బా, ఆవిడ చేతిలో పెద్ద టార్చి. దారంతా ఎర్ర బురద. అడుగు వేస్తే చాలు, చెప్పుని పీల్చుకుంటోంది. ఐదో మెట్టు దగ్గరే కంపు మొదలైంది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కొంగుకీ అదే కంపు.

ఆఖరి మెట్టుకి చేరేసరికి చీకటి పడిపోయింది.

ముసల్ది ముందున్న బ్లేడు నేలకి ఆనించి, తల వంచుకుని నిలబడినట్టుంది. గొలుసుల సందుల్లో ఎండిన మట్టి, దాని మీద వాన తడి, వాటి మధ్య ఏవో తెల్లటి పురుగులు. ఆవిడ టార్చి పక్కకి తిప్పేసింది.

"ముందు ఆయిలు చూడాలి," అన్నాడు మరిది గొంతు తగ్గించి. "గేరుబాక్సు ఆయిలు ఇంజను నడుస్తుంటేనే చూడాలి. ఆపేస్తే ఆయిలంతా కిందికి దిగిపోయి కొలిచే పుల్ల మీద అబద్ధం చూపిస్తుంది."

"తెలుసు బాబాయ్, నువ్వేగా నేర్పావు," అంది చంటి. ఎక్కింది.

తెచ్చిన బ్యాటరీ తగిలించాక ఇంజను నాలుగుసార్లు దగ్గింది. ఐదోసారి అందుకుంది. నల్లటి పొగ ముఖాన కొట్టింది.

చంటి బండిని రెండు అడుగులు ముందుకి, రెండు అడుగులు వెనక్కి కదిలించింది. లివరు వేసిన కాసేపటికి గాని అది కదలడం లేదు, ఒళ్ళు బద్ధకించిన మనిషిలా. అలా పది నిమిషాలు. లోపలినుంచి ఒక చప్పుడు — సన్నగా, సాగదీస్తూ — ఎవరో పళ్ళ సందునుంచి ఊపిరి పీలుస్తున్నట్టు...

స్స్స్... ఆగి... స్స్స్...

"అదేంటి?" అంది ఆవిడ.

మరిది స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

చంటి లివరు న్యూట్రల్‌లో పెట్టింది. బ్లేడు దించింది. బ్రేకు పెడలు తొక్కి కొక్కెం తగిలించింది. చేతులు దులుపుకుంటూ దిగింది. "చూడమ్మా, అన్నీ పెట్టే దిగా. ఇక నీ దెయ్యం ఏం చేస్తుందో చూద్దాం."

గొలుసు పక్కకొచ్చి, ఆయిలు పుల్ల పైకి లాగి, టార్చి వెలుగులోకి పట్టింది. వెంటనే మొహం తిప్పుకుంది.

"ఛీ... బాబాయ్, ఇది ఆయిలేనా?"

పుల్ల చివర గోధుమరంగు జిగురు వేలాడుతోంది. పుండు పిండితే వచ్చేలాంటిది. అది తెగి కింద పడకుండా సాగుతోంది... సాగుతోంది...

ఆవిడ చూపు ఆ జిగురు మీదే ఉంది. అందుకే ముందు చెవికి తెలిసింది, ఆ తర్వాత కంటికి.

టక్.

టార్చి పైకెత్తింది. సీటు ఖాళీ. లివరు చంటి పెట్టిన చోటే ఉంది, అంగుళం కూడా కదల్లేదు.

టక్... టక్...

గొలుసు కదులుతోంది. బ్లేడు ముందు బురద మెల్లగా ముడుచుకుంటోంది. బండి ముందుకి పాకుతోంది. చంటి పుల్ల తుడుస్తూ వంగి ఉంది. తన చొక్కా అంచు గొలుసు మీద పడి, దానితోపాటు ముందుకి జరగడం తనకి తెలీలేదు.

ఆవిడ కూతురి జడ పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగింది. చొక్కా పర్రున చిరిగింది. ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు. కాళ్ళకి జానెడు దూరంలోనుంచి గొలుసు వెళ్ళిపోయింది.

మరిది ఎగిరి ఎక్కి ఇంజను ఆపేశాడు.

చప్పుడు ఆగింది. ఊపిరి మాత్రం ఇంకా కాసేపు వినిపించింది.

స్స్స్...

"తాత చెప్పింది నిజమే అమ్మా..." అంది చంటి. గొంతులో వెక్కిరింత లేదు. చిరిగిన చొక్కా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళంతా బురద. టార్చి తుడిచింది.

"విప్పు," అంది మరిదితో.

"ఇప్పుడా? ఈ చీకట్లోనా?"

"విప్పు."

అతను బండి కింద దూరాడు. అడుగు బిరడా వదులు చేశాడు. వేడి ఆయిలు బక్కెట్లో పడింది. పడింది అనడం కూడా కాదు, కక్కింది. ముందు నీళ్ళు కలిసిన గోధుమరంగు జిగురు. దాని వెనక నల్లటి మడ్డి. ఆ కంపు ఇన్నాళ్ళూ దూరంనుంచి వచ్చిందే గాని ఇప్పుడు నోట్లోకే వచ్చింది, నాలుక మీద కూర్చుంది. చంటి పక్కకి వెళ్ళి వాంతి చేసుకుంది.

బక్కెట్లో మడ్డి మీద రేకు పొడి మెరుస్తోంది, చేప పొలుసుల్లా.

"ప్లేట్లు కాలిపోయాయి," అన్నాడు మరిది కిందనుంచి. "కంపు అదే. శవం కాదు, ఏమీ కాదు. ఇంజనుని గేరుకి కలిపే క్లచ్ ప్లేట్లు."

"అదెందుకు కదిలింది?"

"వదినా, చాల్లే... రేపు వెలుగులో—"

"ఎందుకు కదిలింది?"

"ఆయిలు అందకపోతే ప్లేట్లు జారతాయి. జారితే కాలతాయి. కాలి కాలి వంకర తిరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నాక లివరు న్యూట్రల్‌లో పెట్టినా లాభం లేదు. పైన న్యూట్రలే. లోపల మాత్రం గేరు పట్టుకునే ఉంటుంది. అరిగిన బ్రేకు ఆ బలానికి ఆగదు. ఆ ఊపిరి చప్పుడు కూడా... ఆయిలు అందక పంపు గాలి పీలుస్తోంది, ఆపాక ఆ గాలే బయటికొచ్చింది."

"ఆయిలు ఎందుకు అందలేదు?"

కింద స్పానరు చప్పుడు ఆగింది.

"జల్లెడ తియ్యి," అంది ఆవిడ.

పంపుకి ఆయిలు వెళ్ళే దారిలో గిన్నెంత జల్లెడ ఉంటుంది, చెత్త పైకి పోకుండా. నాలుగు బోల్టులు. అతను ఒక్కో బోల్టు దగ్గరా ఆగి ఆగి తీశాడు. మూత ఊడింది. జల్లెడ అతని చేతిలోకి జారింది.

టార్చి వెలుగు పడగానే చంటి కెవ్వుమంది.

జల్లెడ చుట్టూ జుట్టు. నల్లగా, తడిగా, పాయలు పాయలుగా. తలనుంచి ఊడబీకి చుట్టినట్టు. దానిలోంచి మడ్డి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"పొడుగాయన..." అంది చంటి.

ఆవిడ చెయ్యి ముందుకి వెళ్ళింది, ఎందుకో ఆవిడకే తెలీదు. డీజిలు డబ్బా మూత తీసి, జల్లెడ మీద పోసి, ఆ పాయల్ని వేళ్ళతో పట్టుకుంది. గోరువెచ్చగా ఉన్నాయి. జారిపోతున్నాయి. బొటనవేలితో ఒక పాయని రుద్దింది.

నలుపు పోయింది.

ఎరుపు. ఇంకో పాయ రుద్దితే ఆకుపచ్చ. ఇంకోటి, పసుపు.

జుట్టు కాదు, నూలు పోగులు. చేతులు తుడుచుకోవడానికి వాడే రంగు రంగుల నూలు వేస్టు. ఆ బస్తా స్టోరులో ఆవిడ స్టూలు పక్కనే ఉంటుంది. రోజుకి ఇరవైసార్లు అందులో చెయ్యి పెడుతుంది. ఆ పోగుల్ని చీకట్లో ముట్టుకున్నా పోల్చగలదు.

గేరుబాక్సు విప్పినప్పుడు లోపల తుడవడానికి నూలు వేస్టు ఇవ్వకూడదు. పోగు రాలని గుడ్డే ఇవ్వాలి. ఆ మాట స్టోరు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. రాసింది ఆవిడే.

కిందటి ఏడాది ముసల్దానికి గేరుబాక్సులో ఆయిలు సీలు మార్చిన రోజు... గుడ్డలు అయిపోయాయి. మరిది కిటికీ దగ్గర నిలబడి తొందరపెట్టాడు, "ఏదో ఒకటి పడెయ్ వదినా, తుడిచి మూసేస్తా." ఆవిడ స్టూలు మీదనుంచి లేవను కూడా లేవలేదు. పక్కకి వంగి, బస్తాలోంచి ఒక చేరెడు తీసి, కిటికీలోంచి విసిరింది.

అంతే. ఒక చేరెడు.

"ఆ రోజు పొడుగాయన ఎందుకు దిగాడు?" అంది ఆవిడ. అడగడం కాదు. తెలిసిపోయింది.

మరిది బండి కిందనుంచి బయటికొచ్చి బురదలోనే చతికిలబడ్డాడు. "కంపొస్తోందన్నాడు నాతో, ఆ సాయంత్రం. ఆయిలు చూసుకో, ఇంజను మాత్రం ఆపకు అని చెప్పా..."

గుంటలో నీళ్ళు చప్పుడు చేశాయి.

"నీకు తెలుసు," అంది ఆవిడ.

"తెలీదు వదినా! నీ మీదొట్టు. అనుమానం... ఊరికే అనుమానం ఉండేది."

"అనుమానం ఉండే, చంటిని రేపెక్కమన్నావా?"

"నేనెక్కమన్లేదు."

"ఎక్కొద్దనీ అన్లేదు."

అతను చంటి వైపు చూడలేదు. చుట్టూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. తర్వాత మోకాళ్ళ మీద దగ్గరికి జరిగి గుసగుసగా అన్నాడు.

"వదినా... ఈ పోగులు గుంటలో పారేద్దాం. ప్లేట్లు నేను మార్చేస్తా. బండి మళ్ళీ కదలదు, ఎవరికీ ఏమీ కాదు. దెయ్యం వదిలిపోయిందనుకుంటారు. తాత చెప్పుకుంటాడు, జనం వింటారు... మన ఇద్దరి చేతులూ దీన్లో ఉన్నాయి. ఒక్కసారి ఆలోచించు."

ఆవిడ ఆలోచించింది. అబద్ధమెందుకు, ఆలోచించింది. జల్లెడ చేతిలోనే ఉంది. ఒక్క విసురు చాలు. కాళ్ళు లేని పొడుగాటి మనిషిని సీటు మీద అలాగే కూర్చోబెట్టి, ఆ కథ వెనక తాము హాయిగా అన్నం తినొచ్చు.

అలా ఆలోచించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ జిగురు కన్నా, ఆ పురుగుల కన్నా, తాత చప్పరింత కన్నా... వేళ్ళ మధ్య ఉన్న ఆ మెత్తటి గోరువెచ్చటి చెత్త కన్నా ఎక్కువ అసహ్యం వేసింది.

"అమ్మా," అంది చంటి.

ఆవిడ జల్లెడని పోగులతో సహా బక్కెట్లో పెట్టింది. బక్కెట్టు ఎత్తుకుంది.

"పద," అంది.

సూపర్‌వైజరు ఇంటికి ముందు వెళ్ళారు. ఆయన గుమ్మంలోనే ముక్కు మూసుకుని, పొద్దున మాట్లాడదామన్నాడు. "పొద్దున కాదు," అని ఆవిడ జరిగినదంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. తన పేరే ముందు చెప్పింది. బండి తాళం ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోడ మీది కాగితం చించేస్తానని రెండుసార్లు అనేదాకా గుమ్మం దిగలేదు.

తర్వాత పొడుగాయన ఇల్లు.

అతని భార్య తలుపు తీసింది. లోపల ఇద్దరు పిల్లలు పడుకుని ఉన్నారు. ఆవిడ బక్కెట్టు మెట్టు మీద దించి, పోగులు పైకి తీసి చూపించింది.

"మీ ఆయన గేరులో వదిలి దిగలేదమ్మా. న్యూట్రల్‌లోనే పెట్టి దిగాడు. బండి పాడైంది. పాడుచేసింది ఇదిగో, ఇది. ఇచ్చింది నేను."

భార్య ఆ పోగుల్ని చూడలేదు. కంపు తగలగానే తల ఎత్తింది.

"ఆ రోజు ఆయన చొక్కా ఇదే కంపు కొట్టింది," అంది మెల్లగా. "నాలుగు నెలల్నుంచి తిడుతున్నా అక్కా. గేరులో వదిలి దిగుతావా, పిల్లలు గుర్తు రాలేదా అని... రోజూ తిట్టా. పిల్లల ముందే తిట్టా."

ఏం చెప్పినా ఆ మడ్డిలాగే ఉంటుందనిపించింది ఆవిడకి.

"పొద్దున ఇదే మాట అందరి ముందూ చెబుతావా?" అంది భార్య.

"చెబుతా."

తలుపు వేసుకుంది. గట్టిగా కాదు.

ఇంటికొచ్చేసరికి పది దాటింది. ఆవిడ సబ్బుతో చేతులు కడిగింది. మళ్ళీ కడిగింది. బట్టల సబ్బుతో, బూడిదతో, మళ్ళీ సబ్బుతో. గోళ్ళ కింద కంపు అలాగే ఉంది.

దీపం తగ్గించి, రోజూలాగే గనినుంచి ఎందరొచ్చారో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది.

చంటి మంచం మీద ముడుచుకుని పడుకుంది. చిరిగిన చొక్కా మార్చుకోలేదు. ఊపిరి ఆడుతోంది. ఒకరు.

మరిది వరండాలో గోడకి తల ఆనించి కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఆవిడ అనలేదు, అతనూ రాలేదు. ఇద్దరు.

తను. ముగ్గురు.

ముగ్గురూ వచ్చారు.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. చంటి... మరిది... తను. సరిగ్గానే ఉంది. అయినా, నాలుగు నెలల కిందట, పొడుగాయన పోయిన రాత్రి కూడా ఈ ఇంట్లో ముగ్గురూ సరిగ్గానే వచ్చారని గుర్తొచ్చింది. లెక్క సరిపోయిందని నిశ్చింతగా పడుకుంది కూడా.

ఈ రాత్రి పడుకోలేదు.